ఉన్ని ఎదుగుదలను కొలవడం, పోగులో కారణం వెతకడం

గొర్రె ఒంటి మీద ఈసారి ఉన్ని తగ్గిందంటే దాని వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. పోగులు పొట్టిగా పెరిగి ఉండొచ్చు. పొడవు సరిగానే ఉన్నా సన్నబడి ఉండొచ్చు. లేదా కొన్ని కుదుళ్లు పని మానేసి, పోగుల సంఖ్యే పడిపోయి ఉండొచ్చు. కత్తిరించిన ఉన్నినంతా ఒక్కసారే తూకం వేస్తే ఈ మూడూ ఒకే అంకెలో కలిసిపోతాయి. మేత మార్చాలా, ఖనిజ మిశ్రమం చూడాలా, జ్వరం వచ్చిపోయిందా అన్నది ఆ అంకె చెప్పదు. పొడవు, మందం, సంఖ్య విడివిడిగా కొలిస్తేనే కారణం దొరుకుతుంది. ఈ పద్ధతికి ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. క్లిప్పరు, కాలిపరు, 0.01 గ్రాము వరకు చూపే త్రాసు, 40 రెట్ల ఆబ్జెక్టివ్ ఉన్న మైక్రోస్కోపు, నల్లని జుట్టు రంగు ఉంటే చాలు. కావలసింది ఓపిక, తేదీలు తప్పకుండా రాసుకునే అలవాటు.

కుదురులో ఏం జరుగుతుందో ముందు తెలియాలి

క్షీరదాల ఒంటి మీద ఏ వెంట్రుకైనా, అది ఉన్ని పోగైనా, పిల్లి మీసమైనా, మన తల మీది జుట్టైనా, ఒకే రకం కుదురులోంచి వస్తుంది. బాహ్యచర్మం లోపలికి దిగి అంతశ్చర్మంలో గొట్టంలా ఏర్పడ్డదే కుదురు. దాని అడుగున ఉబ్బెత్తు భాగం ఉంటుంది, దాన్ని బల్బు అందాం. బల్బు మధ్యలోకి సన్నని రక్తనాళాలతో కూడిన అంకురం చొచ్చుకొని ఉంటుంది. అంకురం చుట్టూ ఉన్న కణాలు ఒంట్లో అన్నిటికంటే వేగంగా విభజన చెందే కణాల్లో ఒకటి. అవి పైకి జరుగుతూ పొడవుగా సాగి, కెరటిన్‌తో నిండి, గంధకపు బంధాలతో గట్టిపడి చనిపోతాయి. ఈ గట్టిపడడం కుదురు లోపలే, చర్మం పైకి రాకముందే పూర్తవుతుంది.

పద్ధతి మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది. చర్మం బయట కనిపించే పోగు చచ్చిన పదార్థం. పైనుంచి ఏం రాసినా దాని మందం పెరగదు. బల్బులో ఆ రోజు ఎంత మందంతో తయారైందో ఆ మందమే చివరి వరకు ఉంటుంది. బల్బులో పుట్టిన ముక్క చర్మం మీదికి రావడానికి గొర్రెలో సుమారు వారం పడుతుంది. గొరిగితే వెంట్రుక లావుగా వస్తుందన్న నమ్మకానికి కూడా ఇక్కడే జవాబుంది. కొసన సన్నగా ఉన్న వెంట్రుకను కోస్తే మొద్దు కొస మిగులుతుంది, చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. బల్బుకు కత్తి సంగతే తెలియదు.

పోగును అడ్డంగా కోసి చూస్తే బయట పొలుసుల పొర, లోపల వల్కలం, ముతక పోగుల్లో మధ్యన గాలి గదులున్న దవ్వ కనిపిస్తాయి. సన్న ఉన్నిలో దవ్వ ఉండదు. దాని వల్కలం రెండు రకాల కణాలతో రెండు పక్కలుగా చీలి ఉంటుంది. మెత్తని రకం నొక్కుకు (పోగులోని అలలాంటి వంపుకు) బయటి వైపు, గంధకం ఎక్కువున్న గట్టి రకం లోపలి వైపు ఉంటాయి.

కుదుళ్లు కూడా రెండు తెగలు. ప్రాథమిక కుదురుకు తైలగ్రంథి, స్వేదగ్రంథి, వెంట్రుకను నిక్కబొడిపించే చిన్న కండరం మూడూ ఉంటాయి. ద్వితీయ కుదురుకు తైలగ్రంథి మాత్రమే. గొర్రె గర్భంలో 150 రోజులుంటే, ప్రాథమిక కుదుళ్లు 60వ రోజు ప్రాంతంలో, ద్వితీయ కుదుళ్లు 90వ రోజుకు కాస్త ముందుగా మొదలవుతాయి. ఆ తరవాత ద్వితీయ కుదుళ్లు కొమ్మలు వేసి గుంపులుగా పెరుగుతాయి. సన్న ఉన్ని జాతి అయిన మెరినోలో ఒక్కో ప్రాథమిక కుదురుకు 20 వరకు ద్వితీయ కుదుళ్లుంటాయి, పొడవాటి ముతక ఉన్ని జాతుల్లో 5 దరిదాపుల్లో ఆగుతాయి. పుట్టాక కొత్త కుదుళ్లు మొలవవు, గర్భంలో మొదలైనవి పోగులు వేయడం మాత్రం పుట్టిన మొదటి నెలల్లోనూ సాగుతుంది. తల్లికి చూలు చివర మేత చాలకపోయినా, పిల్లకు మొదటి నెలల్లో పాలు సరిపోకపోయినా, కొన్ని ద్వితీయ కుదుళ్లు ఎప్పటికీ తెరుచుకోవు. ఆ నష్టం ఆ జీవికి జీవితాంతం ఉంటుంది, తరవాత ఎంత మేపినా పూడదు. పెద్దయిన గొర్రెలో పోగుల సాంద్రత తక్కువగా తేలితే, దాని ఇప్పటి మేత కంటే ముందు దాని పుట్టుక నాటి పరిస్థితిని అడగాలి.

చివరిగా, కుదురుకు ఒక చక్రం ఉంది. పెరిగే దశ, ముడుచుకునే దశ, విశ్రాంతి దశ, ఆపైన రాలడం. మన తలలో పెరిగే దశ 2 నుంచి 6 ఏళ్లు, ముడుచుకునేది రెండు మూడు వారాలు, విశ్రాంతి మూడు నెలలు. మెరినో కుదుళ్లు దాదాపు అన్నీ ఏళ్ల తరబడి పెరిగే దశలోనే ఉంటాయి, అందుకే వాటిని కత్తిరించక తప్పదు. సోయ్ లాంటి పాత జాతులు ఏటా వసంతంలో బొచ్చు వాటంతటవే రాలుస్తాయి. మీరు కొలవబోయే జీవి ఏ కోవకు చెందిందో తెలుసుకోకుండా కొలతలు మొదలుపెట్టొద్దు. రాల్చే జాతిలో ఉన్ని ఊడడం ఆరోగ్యం, మెరినోలో అదే పని రోగ లక్షణం.

పక్కమీద చదరం గీయడం

కొలతకు చోటు పక్కటెముకల మీద. ఆఖరి పక్కటెముక నుంచి ముందుకు లెక్కపెట్టి మూడోదాన్ని వేలితో పట్టుకోండి. దాని మీద వెన్ను గీతకు, పొట్ట గీతకు సరిగ్గా నడుమ ఉన్న చోటు మీ చదరానికి మధ్యబిందువు. ఉన్ని భుజం మీద సన్నగా, తొడ వైపు ముతకగా ఉంటుంది. మధ్య పక్కన తీసిన నమూనా ఒంటి సగటుకు బాగా దగ్గరగా వస్తుంది కాబట్టే ఈ చోటు.

10 సెంటీమీటర్ల భుజం ఉన్న చదరం చాలు. నాలుగు మూలల్లో చిన్న పచ్చబొట్టు చుక్క పెట్టించడం మేలు. మార్కర్‌తో పెట్టిన గుర్తు రెండో నెలకు ఉండదు, ప్రతిసారీ చదరం అర సెంటీమీటరు జరిగిపోతుంది. క్లిప్పర్‌కు 40 నంబరు శస్త్రచికిత్స బ్లేడు వేయండి, అది చర్మం మీద పావు మిల్లీమీటరు మాత్రమే మిగులుస్తుంది. మొదటి రోజు కోసిన ఉన్నిని లెక్కలోకి తీసుకోకండి, ఆ రోజు నుంచే గడియారం మొదలు.

28 రోజుల తరవాత అదే చదరాన్ని మళ్లీ కోయాలి. చుట్టూ ఉన్న పొడవాటి ఉన్ని చదరం మీద వాలి ఉంటుంది. దాన్ని దువ్వెనతో నాలుగు వైపులకూ తీసి క్లిప్పులు పెట్టాకే బ్లేడు ఆనించాలి. ఈ ఒక్క పని సరిగా చేయక పాడయ్యే కొలతలే ఎక్కువ. బయటి ఉన్ని గుప్పెడు కలిసినా మీ తూకం పనికిరాదు. కోసిన వెంటనే జీవి నాలుగు కాళ్ల మీద మామూలుగా నిలబడి ఉండగా నాలుగు భుజాలూ కాలిపర్‌తో కొలిచి, రెండోసారి కూడా కొలిచి సగటు తీయండి. పడుకోబెట్టి చర్మం సాగదీసి కొలిస్తే వైశాల్యం ఎక్కువ చూపిస్తుంది. ఒక్కో భుజంలో 2 మిల్లీమీటర్ల తప్పు వైశాల్యంలో 4 శాతం తప్పవుతుంది.

వారానికోసారి కొలిస్తే ఇంకా బాగా తెలుస్తుందనిపిస్తుంది, కానీ అది పొరపాటు. 28 రోజుల్లో 10 మిల్లీమీటర్లు పెరిగే పోగులో బ్లేడు ఎత్తు పావు మిల్లీమీటరు తేడా వస్తే తప్పు రెండున్నర శాతం. 7 రోజులకే కోస్తే అదే తేడా 10 శాతం అవుతుంది. ఇంకొక జాగ్రత్త: చలిలో ఉన్ని లేకుండా ఉన్న చదరానికి రక్తప్రసరణ తగ్గి ఎదుగుదల మందగిస్తుంది. చలికాలపు కొలతలు తీసేటప్పుడు ఒంటి మీద పట్టా కప్పండి. లేదంటే ఆ తగ్గుదలను మేత మీదికి నెట్టేస్తారు.

రంగు గీతతో తేదీ వేయడం

చదరం బరువు చెబుతుంది, తేదీలు చెప్పదు. తేదీ కోసం రంగు గీత కావాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి వాడే నల్లని జుట్టు రంగు సరిపోతుంది. చదరానికి పక్కన, దాన్ని తాకకుండా, ఉన్నిని పాపిటలా తీసి చర్మం కనబడేలా చేయండి. సూది తీసేసిన సన్నని సిరంజితో మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున రంగును చర్మం ఒరిపిడిగా, పోగుల మొదట్లో పెట్టండి. మెత్తని కుంచెతో ఒకసారి సర్దితే అన్ని పోగులకూ అందుతుంది. రంగు నల్లబడే దాకా పాపిట తెరిచే ఉంచాలి. చేతికి తొడుగులు తప్పనిసరి. ఈ రంగుల్లోని పారాఫెనిలిన్ డయామిన్ కొందరికి తీవ్రమైన దురద, బొబ్బలు తెస్తుంది. జీవి చర్మం మీద గాయం ఉన్న చోట పెట్టకూడదు.

రంగు చర్మం పైన ఉన్న భాగానికే పడుతుంది, కుదురు లోపలికి పోదు. పోగు పెరిగేకొద్దీ నల్లగీత చర్మం నుంచి దూరం జరుగుతుంది. 28 రోజులకోసారి అదే పాపిటలో పెడుతూ పోతే కత్తిరించే నాటికి ఒక్కో కుచ్చులో వరుసగా గీతలుంటాయి, రెండు గీతల నడుమ దూరం ఆ నాలుగు వారాల ఎదుగుదల. గీతలు మసకగా, వెడల్పుగా వస్తే రంగు ఎక్కువ పోశారని అర్థం, అది పైకి పాకింది. గీత కొన్ని పోగుల మీదే ఉంటే ఉన్ని జిడ్డు అడ్డుపడి రంగు లోపలికి దిగలేదు. నల్ల గొర్రెలకు ఈ పద్ధతి పనిచేయదు, వాటికి చదరంలో కోసిన ముక్క పొడవే గతి.

దూరం కొలిచేటప్పుడు రెండు పొడవులను కలిపేయొద్దు. కుచ్చును ఉన్నదున్నట్టు పెట్టి కొలిస్తే వచ్చేది కుచ్చు పొడవు. ఒక పోగును రెండు చిమటాలతో (సన్నని పట్టకార్లతో) పట్టి, నొక్కులు పోయే వరకు మాత్రమే లాగి, అంతకు మించి సాగదీయకుండా కొలిస్తే వచ్చేది అసలు పోగు పొడవు. కుచ్చులో 8.5 మిల్లీమీటర్లున్న దూరం విప్పిన పోగులో 10 ఉండొచ్చు. తేదీలు లెక్కగట్టడానికి కుచ్చు పొడవు చాలు, బరువు లెక్కలకు విప్పిన పొడవే కావాలి. 20 పోగులకు తక్కువ కాకుండా కొలవండి.

కడగడం, ఆరబెట్టడం, తూచడం

ముడి ఉన్నిలో ఉన్ని మైనం, చెమట లవణాలు, దుమ్ము ఉంటాయి. వీటి పాలు జీవిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది కనుక కడగని తూకాలను పోల్చకూడదు. చెమట లవణాలు మామూలు నీళ్లకే కరుగుతాయి. మైనం 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నీళ్లు 60 డిగ్రీలకు తగ్గకూడదు. క్షారం లేని ద్రవ డిటర్జెంట్ కొద్దిగా కలిపి, వలసంచిలో వదులుగా వేసిన ఉన్నిని 3 నిమిషాలు ముంచి ఉంచి తీయండి. ఇలా రెండుసార్లు డిటర్జెంట్ నీళ్లలో, రెండుసార్లు అదే వేడిలోని మంచినీళ్లలో. కలపొద్దు, పిసకొద్దు. పొలుసులు అన్నీ కొస వైపు తిరిగి ఉండడం వల్ల వేడిలో రాపిడి తగిలితే పోగులు ఒకదానిలోకి ఒకటి దూరి ముద్దకడతాయి, ఆ ముద్దలోంచి మందం కొలిచే ముక్కలు తీయడం కష్టం. బట్టల సోడా వాడితే పోగే దెబ్బతింటుంది.

తేమ మాట మరిచిపోతే మిగతా శ్రమంతా వృథా. పూర్తిగా తడి గాలిలో ఉన్ని తన పొడి బరువులో 30 శాతానికి పైగా నీటిని పీల్చుకుంటుంది. పైగా చేతికి తడిగా కూడా అనిపించదు. 20 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గదిలో ఒక రోజంతా పరిచి తూచడం ఒక దారి. అలాంటి గది లేకపోతే 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగే దాకా ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో చల్లార్చి తూచి, వచ్చిన బరువును 1.16తో గుణించండి. ఏ దారి ఎంచుకున్నా మొదటి నుంచి చివరి వరకు అదే ఉండాలి.

లెక్క ఇలా ఉంటుంది. చదరం 100 చదరపు సెంటీమీటర్లు, 28 రోజులు, ముడి ఉన్ని 4.2 గ్రాములు, కడిగాక 2.8 గ్రాములు. 2,800 మిల్లీగ్రాములను 100తో, ఆపైన 28తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు రోజుకు 1 మిల్లీగ్రాము. మధ్యరకం మేత మీదున్న మెరినోకు ఇది మామూలే. 1 చదరపు మీటరు ఉన్ని చర్మం ఉన్న గొర్రెకు ఇదే వేగం ఏడాదంతా నిలిస్తే 3.65 కిలోల శుభ్రమైన ఉన్ని వస్తుంది.

మందం

చర్మం పక్కనున్న కొస నుంచి మిల్లీమీటరు లోపు ముక్కలను బ్లేడుతో తరిగి స్లైడు మీద లిక్విడ్ పారాఫిన్‌లో వేయండి. నీళ్లలో వేయకూడదు, ఉన్ని నీటిలో 16 శాతం దాకా లావెక్కుతుంది. మైక్రోస్కోపు ఐపీస్‌లోని కొలబద్దను స్టేజి మైక్రోమీటరుతో (తెలిసిన కొలత గీతలున్న గాజు పలకతో) సరిచూసుకున్నాక మొదలుపెట్టండి. అంచులు సన్నని గీతలుగా కనపడేలా ఫోకస్ పెట్టి, ఒక్కో ముక్కను ఒక్కసారే కొలుస్తూ స్లైడంతా వరసగా నడవాలి. కంటికి నచ్చిన పోగులను ఏరుకుంటే లావువే ఎక్కువ పడతాయి, ఎందుకంటే అవే ముందు కనిపిస్తాయి.

ఎన్ని కొలవాలి? ఒకే గొర్రె మీద కూడా పోగుల మందం సగటు చుట్టూ 20 శాతం దాకా చెదిరి ఉంటుంది. సగటు 20 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), చెదురు 4 మైక్రాన్లు అనుకుంటే, 100 పోగులు కొలిచినప్పుడు సగటులో అనిశ్చితి అటూ ఇటూ 0.8 మైక్రాన్, 300 కొలిస్తే 0.45. మేత మార్పు తెచ్చే తేడా ఒకటి రెండు మైక్రాన్లే కనుక 300కు తగ్గొద్దు.

పోగు మధ్యలో నల్లని పట్టీ కనిపిస్తే అది దవ్వలోని గాలి. తరిగిన కొసల్లోంచి పారాఫిన్ లోపలికి పాకితే ఆ పట్టీ మాయమై దవ్వ లేని పోగులా కనపడుతుంది, అందుకని స్లైడు తయారైన వెంటనే చూడాలి.

మందంలోని చిన్న తేడాను తేలిగ్గా తీసుకోకండి. 18 నుంచి 22 మైక్రాన్లకు పెరిగితే చూపుకు తెలియదు, కానీ అడ్డుకోత వైశాల్యం 49 శాతం పెరిగింది. మేత పెరిగినప్పుడు పొడవూ మందమూ దాదాపు కలిసి పెరుగుతాయి, ఆ రెంటి నిష్పత్తి ఒక్కో జీవికి ఇంచుమించు స్థిరం. సన్నని పోగు కావాలనుకునేవాళ్లు బాగా మేపిన గొర్రె ఉన్ని లావెక్కిందని కంగారుపడనక్కర్లేదు, అది జాతి చెడిపోవడం కాదు.

మూడు అంకెలు కలిపితే

ఇప్పుడు బరువు, పొడవు, మందం చేతిలో ఉన్నాయి. వీటి నుంచి పనిచేస్తున్న కుదుళ్ల సంఖ్య వస్తుంది, చర్మం కోయకుండానే. పోగు రోజుకు 0.36 మిల్లీమీటర్లు, అంటే 0.036 సెంటీమీటరు పెరిగింది. మందం 20 మైక్రాన్లు, అడ్డుకోత వైశాల్యం 314 చదరపు మైక్రాన్లు. ఉన్ని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.31 గ్రాములు. ఈ మూడూ గుణిస్తే ఒక పోగు రోజుకు 0.000148 మిల్లీగ్రాము తయారుచేస్తోంది. 1 మిల్లీగ్రామును దీనితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 6,750 పోగులు. చెదురు వల్ల లావు పోగులు తమ వంతుకు మించి బరువిస్తాయి కాబట్టి ఈ అంకెను 1.04తో భాగించాలి, సుమారు 6,500 అవుతుంది. చదరపు మిల్లీమీటరుకు 65. మెరినోకు ఇది నమ్మదగ్గ సంఖ్య.

ఇదే లెక్క వచ్చే నెల 45 చూపిస్తే కుదుళ్లు మూతపడుతున్నాయి. సంఖ్య అలాగే ఉండి పొడవు, మందం పడిపోతే బల్బుకు సరుకు చాలడం లేదు. ఈ రెండు సందర్భాలకూ వైద్యం వేరు.

తెగిన చోట ఏం చూడాలి

పెన్సిలంత కుచ్చు తీసుకుని రెండు కొసలూ గట్టిగా పట్టుకుని చెవి దగ్గర చటుక్కున లాగి, మధ్యవేలితో మీటండి. గట్టి కుచ్చు తీగలా మోగుతుంది, బలహీనమైనది చిటపటమంటూ ఒకే చోట తెగుతుంది. అంకె కావాలంటే 80 మిల్లీమీటర్ల కుచ్చును తూచండి. 0.16 గ్రాము ఉంటే మీటరుకు 2 గ్రాములు, అంటే 2 కిలోటెక్స్. దాన్ని తెంచడానికి 70 న్యూటన్లు, స్ప్రింగ్ త్రాసు మీద 7 కిలోల పైచిలుకు లాగాల్సి వస్తే బలం కిలోటెక్స్‌కు 35 న్యూటన్లు. 30 దాటితే గట్టి ఉన్ని కిందే లెక్క.

తెగిన చోటికి తేదీ వేయడం ఇలా. కత్తిరించిన రోజున చర్మం నుంచి చివరి రంగు గీత 8.5 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, అది 28 రోజుల కిందటిది. దాని ముందుది 15.5 దగ్గర, 56 రోజుల కిందటిది. కుచ్చు 12 మిల్లీమీటర్ల దగ్గర తెగింది. అది రెండు గీతల నడిమధ్య కాబట్టి 42 రోజుల కిందట చర్మం దాటింది. కుదురులో గడిపిన వారం కలిపితే 49 రోజుల కిందట బల్బులో తయారైంది. ఆ వారంలో జీవికి ఏమైందో మీ పుస్తకంలో చూడండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జ్వరం లాంటి దెబ్బ ఆ రోజుకారోజే బల్బును తాకుతుంది. మేత కరువు అలా కాదు, ఉన్ని దాన్ని నెమ్మదిగా, కొన్ని వారాల ఆలస్యంతో అనుసరిస్తుంది. పోగు అన్నిటికంటే సన్నగా ఉండేది కరువు మొదలైన రోజున కాదు, కరువు ముగిసి మంచి మేత దొరకబోయే ముందు. అందుకే తెగిన చోటికి వచ్చిన తేదీ మంచి మేత వేసిన రోజులకు దగ్గరగా పడినప్పుడు, ఆ మేత పడలేదని తేల్చేయకండి. తప్పు దానికి ముందు నెలల్లో జరిగింది.

తెగిన కొసలను మైక్రోస్కోపు కింద తప్పక చూడాలి. సన్నబడుతూ వచ్చి విరిగిన కొస ఎగుడుదిగుడుగా ఉంటుంది. కుదురు విశ్రాంతిలోకి వెళ్లి వదిలేసిన పోగు కొస కుంచెలా లేదా చిన్న గదలా మొద్దుగా ఉంటుంది. ఒక కుచ్చులో కుంచె కొసలు చాలా కనపడితే అది సన్నబడడం కాదు, రాలడం. చర్మం నుంచి పీకిన వెంట్రుకకు మెత్తని, జెల్లీలాంటి తొడుగుతో వంగే వేరు ఉంటే అది ఇంకా పెరుగుతున్నది.

కారణాలు

అన్నిటికంటే ముందు ప్రొటీను, అందులో గంధకమున్న అమైనో ఆమ్లాలు. ఉన్నిలో సిస్టీన్ పదో వంతుకు పైగా ఉంటుంది. మేతలో కలిపిన మెథియోనిన్‌ను పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు విరిచేస్తాయి. 1963లో ఆస్ట్రేలియాలో రీస్, షింకెల్ ఇవే అమైనో ఆమ్లాలను పెద్ద పొట్టను దాటించి నేరుగా నాలుగో పొట్టలోకి పంపినప్పుడు ఉన్ని గణనీయంగా పెరిగింది. ఇప్పుడు పొరపూత వేసిన మెథియోనిన్ దొరకడానికి మూలం అదే. పూత లేని పొడి కొని మేతలో కలపడం డబ్బు దండగ.

రాగి తగ్గితే ఉన్నిలో నొక్కులు పోయి తీగలా సాగుతుంది, నల్ల ఉన్ని బూడిద రంగుకు దిగుతుంది, ఎందుకంటే రంగు తయారుచేసే టైరోసినేజ్ ఎంజైముకు రాగి కావాలి. మేతలో మాలిబ్డినం, గంధకం ఎక్కువైనా రాగి ఒంటికి పట్టదు. అలాగని రాగి కుమ్మరించొద్దు. రాగి విషానికి గొర్రె మిగతా పశువుల కంటే చాలా తొందరగా లొంగుతుంది, పశువుల ఖనిజ మిశ్రమం గొర్రెలకు పెట్టడమే ప్రాణాంతకం కావచ్చు. రక్త పరీక్ష చేయించి పశువైద్యుడు చెప్పిన మోతాదే వేయాలి. జింకు తగ్గితే చర్మం దళసరెక్కి, పొట్టురాలి, కుదుళ్లే ఆగిపోతాయి.

చూలు, పాలిచ్చే కాలం ఉన్నిని తగ్గిస్తాయి, కడుపులో పురుగులూ అంతే. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ హార్మోను కుదుళ్లను మూసేస్తుంది. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే పదార్థం బల్బులోని కణ విభజననే ఆపుతుంది, అలవాటు లేని గొర్రె ఒక్కసారిగా ఎక్కువ తింటే కొద్ది రోజుల్లోనే ఉన్ని ఊడి చేతికొస్తుంది. ఇదే సూత్రంతో ఆస్ట్రేలియాలో ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీను సూదిమందుతో పోగును కొద్దిసేపు ఆపి, ఒంటికి వల తొడిగి, నాలుగు వారాల తరవాత కత్తెర లేకుండా ఉన్ని తీసే పద్ధతి తయారుచేశారు.

పగటి పొడవును మరిచిపోవద్దు. రాత్రుల్లో విడుదలయ్యే మెలటోనిన్, పగళ్లు పెరిగితే పెరిగే ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు కుదుళ్ల కాలక్రమాన్ని నడుపుతాయి. రామ్నీ, లింకన్ లాంటి జాతుల్లో మేత సమానంగా ఉన్నా చలికాలపు ఎదుగుదల ఎండాకాలపు ఎదుగుదలలో సగానికి కిందకు పడుతుంది. మెరినోలో ఈ ఊపు చాలా తక్కువ. పోలిక ఎప్పుడూ కిందటేటి ఇదే నెలతో చేయండి, కిందటి నెలతో కాదు.

వేరే జీవుల మీద

కాశ్మీరు మేకలో పైన ముతక వెంట్రుక ప్రాథమిక కుదుళ్లది, కింద 19 మైక్రాన్ల లోపు మెత్తని నూగు ద్వితీయ కుదుళ్లది. రెంటినీ చిమటాతో వేరు చేసి విడిగా తూచాలి, లేకపోతే ఏ అంకెకూ అర్థం ఉండదు. నూగు పగళ్లు తగ్గే కాలంలో పెరిగి, వసంతంలో రాలుతుంది. దువ్వే పని మెడ దగ్గర నూగు వదులైన రోజున మొదలుపెట్టాలి. అంతకు ముందు దువ్వితే ముతక వెంట్రుక పీకుకొస్తుంది, ఆలస్యమైతే నూగు కంచెలకు తగులుకొని పోతుంది. అంగోరా మేక వెంట్రుక నెలకు 2 సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది కాబట్టి చదరాన్ని 14 రోజులకే కోయొచ్చు. అంగోరా కుందేలు అంతకంటే వేగం, నెలకు దాదాపు 3 సెంటీమీటర్లు. దాని చర్మం పలచన, 40 నంబరు బ్లేడు తేలిగ్గా చీరేస్తుంది. ముతక బ్లేడు వాడి, చర్మాన్ని లాగకుండా అరచేత్తో అదిమి కోయండి.

మనిషి విషయంలో ఆలస్యం వేరేలా ఉంటుంది. తీవ్ర జ్వరం, ప్రసవం తరవాత జుట్టు రెండు మూడు నెలలకు గుప్పెళ్లుగా రాలుతుంది, ఎందుకంటే ఆ రోజున విశ్రాంతిలోకి వెళ్లిన వెంట్రుక అంతకాలం కుదురులోనే ఉండి అప్పుడు బయటపడుతుంది. గొర్రె లెక్కను దీనికి వాడితే తేదీ తప్పుతుంది.

రెండు పొరల బొచ్చున్న చలిప్రాంతపు కుక్కల మీద చదరం కోయకపోవడమే మంచిది. వాటి కుదుళ్లు ఎక్కువ కాలం విశ్రాంతిలోనే ఉంటాయి, కోసిన చోట బొచ్చు తిరిగి రావడానికి 6 నుంచి 12 నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. వాటికి దువ్వెనలో వచ్చిన వెంట్రుకల కొసలు మైక్రోస్కోపులో చూసి, గద కొసలెన్ని, విరిగిన కొసలెన్ని అని లెక్కపెట్టడమే సరైన దారి. పూడిల్ లాంటి జాతుల్లో పెరిగే దశ పొడవు గనుక ఈ ఇబ్బంది లేదు.

లెక్కలన్నీ చేశాక కూడా కుదుళ్లు తక్కువగా ఉన్నాయా, ఉండి నిద్రపోతున్నాయా అన్నది తేలకపోతే చర్మపు ముక్క తీయించాలి. స్థానిక మత్తు ఇచ్చి 6 నుంచి 10 మిల్లీమీటర్ల గుండ్రని పంచ్‌తో పశువైద్యుడే తీయాల్సిన పని ఇది. చర్మానికి సమాంతరంగా, తైలగ్రంథుల లోతులో పొరలు కోయమని ప్రయోగశాలకు ముందే చెప్పండి. నిలువుకోత ఇస్తే ఒక గుంపులోని నాలుగైదు కుదుళ్లే కనిపిస్తాయి, ప్రాథమిక, ద్వితీయ కుదుళ్ల నిష్పత్తి దానిలోంచి రాదు. ముక్క తీసిన వెంటనే ముడుచుకుంటుంది కనుక, కోయక ముందు చర్మం మీద పంచ్ వ్యాసాన్ని రాసిపెట్టి, సాంద్రతను ఆ వైశాల్యంతోనే లెక్కగట్టాలి.